మూర్ఛ: ఊళ్లో డాక్టరు ఎంతవరకు, పెద్దాసుపత్రి ఎప్పుడు

పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే బ్రష్షు చేతిలోంచి ఎగిరిపడుతుంది. టీ గ్లాసు పట్టుకుంటే చెయ్యి ఒక్కసారి అదిరి టీ ఒలికిపోతుంది. నిద్ర సరిపోలేదనీ, పరీక్షల టెన్షన్ అనీ ఇంట్లోవాళ్లు సరిపెట్టుకుంటారు. అలా ఏడాదో రెండేళ్లో గడుస్తుంది. అక్క పెళ్లికి రాత్రంతా మేలుకున్న మర్నాడు తెల్లవారుజామున ఆ పదహారేళ్ల పిల్ల ఉన్నట్టుండి పడిపోయి కాళ్లూ చేతులూ కొట్టుకుంటుంది. నోటివెంట నురగ వస్తుంది. హడావిడిగా ఆసుపత్రికి తీసుకెళ్తారు. అక్కడ డాక్టరు పడిపోవడం గురించి అడుగుతారు, ఇంట్లోవాళ్లూ దాని గురించే చెప్తారు. ఒలికిపోయిన టీ సంగతి ఎవరికీ గుర్తు రాదు.

జబ్బు పేరు చెప్పేది ఆ టీ గ్లాసే. టీనేజీలో మొదలై, నిద్ర చాలని మర్నాడు పొద్దున చేతుల అదురుగా కనబడే ఈ రకాన్ని జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ అంటారు. తగిన మందు పడితే ఎక్కువమందికి ఫిట్స్ పూర్తిగా ఆగిపోతాయి. కానీ ఫిట్స్ అనగానే చాలాచోట్ల రాసిచ్చే ఫెనిటాయిన్, కార్బమజెపైన్ లాంటి మందులు ఈ రకంలో అదురును ఇంకా పెంచగలవు. తగ్గడం లేదని డోసు పెంచుతారు, అది ఇంకాస్త ముదురుతుంది. "పొద్దున పూట చేతిలోంచి వస్తువులు జారిపోతుంటాయా?" అన్న ఒక్క ప్రశ్న అడిగి ఉంటే ఆ పిల్లకు ఇన్నేళ్ల బాధ తప్పేది.

మూర్ఛ ఉన్నవాళ్లలో ఎక్కువమందికి కావలసింది పెద్ద మెషీన్లు కావు. ఒకసారి సరైన నిర్ధారణ, ఆ తర్వాత రోజూ మాత్ర, దాన్ని కనిపెట్టి చూసుకునే దగ్గరి డాక్టరు ఉంటే చాలు. మిగిలిన మూడో వంతు మందికి మాత్రం పెద్ద సెంటరు కావాలి, అదీ తొందరగా కావాలి. మన దగ్గర ఇది తలకిందులుగా నడుస్తోంది. దగ్గర్లోనే నయమయ్యేవాళ్లు నగరాల చుట్టూ తిరిగి, డబ్బూ ఓపికా అయిపోయి, మందే మానేస్తున్నారు. పెద్ద సెంటరుకు వెళ్లాల్సినవాళ్లు మందు మీద మందు మార్చుకుంటూ ఏళ్లకేళ్లు ఊళ్లోనే ఉండిపోతున్నారు.

మెదడులోని కణాలు చిన్నపాటి విద్యుత్ సంకేతాలతో పనిచేస్తాయి. వాటిలో కొన్ని ఒక్కసారిగా అదుపు తప్పి ఒకేసారి సంకేతాలు పంపితే వచ్చేదే ఫిట్. అది మెదడులో ఏ మూల మొదలైందన్నదాన్ని బట్టి దాని రూపం ఉంటుంది. చేతిని కదిలించే భాగంలో మొదలైతే చెయ్యి కొట్టుకుంటుంది. కణత వెనక ఉండే టెంపోరల్ లోబ్‌లో మొదలైతే కడుపులోంచి ఏదో పైకి తన్నుకొచ్చినట్టు అనిపిస్తుంది. ఆ వెంటనే మనిషి చూపు నిలిచిపోతుంది, ఏదో నములుతున్నట్టు నోరు ఆడుతుంది, చెయ్యి చొక్కా గుండీలను తడుముతుంటుంది. పిలిస్తే పలకడు. ఒకటి రెండు నిమిషాల తర్వాత తేరుకుంటాడు, జరిగింది గుర్తుండదు. కింద పడలేదు, నురగ రాలేదు కాబట్టి ఇది ఫిట్ అని ఎవరికీ తట్టదు. గాలి సోకిందని తాయెత్తు కడతారు.

పిల్లల్లో ఇంకో రకం ఉంది. పది సెకన్లపాటు శూన్యంలోకి చూస్తూ ఆగిపోతారు, రోజుకు పదుల సార్లు. బళ్లో పరధ్యానం అని తిట్లు పడతాయి. దీన్ని పట్టుకోవడానికి అనుభవమున్న డాక్టరుకు ఒక కాగితం ముక్క చాలు. పిల్లవాడి ముందు దాన్ని వేలాడదీసి మూడు నిమిషాలు ఆపకుండా ఊదమంటారు. రెపరెపలాడుతున్న కాగితం ఉన్నట్టుండి నిలిచిపోతుంది. పిల్లవాడి కళ్లు తెరిచే ఉంటాయి, రెప్పలు సన్నగా కొట్టుకుంటాయి. పది సెకన్ల తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ ఊదడం మొదలుపెడతాడు. పక్కన కూర్చున్న తల్లికి అప్పుడు అర్థమవుతుంది, అన్నం ముందు పెట్టుకుని వాడు ఎందుకలా ఆగిపోయేవాడో.

అలాగని వచ్చిన ప్రతి ఫిట్టూ మూర్ఛవ్యాధి కాదు. ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లలకు జ్వరం హెచ్చినప్పుడు వచ్చే ఫిట్స్ చాలావరకు వయసుతో పోతాయి, రోజూ మందు అక్కర్లేదు. షుగర్ బాగా పడిపోయినా, రోజూ తాగేవాళ్లు ఒక్కసారిగా తాగుడు మానేసినా, గర్భిణికి బీపీ విపరీతంగా పెరిగినా ఫిట్స్ రావచ్చు. అక్కడ చూడాల్సింది ఆ కారణాన్ని. అలాంటి తక్షణ కారణం ఏదీ లేకుండా కనీసం ఒక రోజు తేడాతో రెండుసార్లు వస్తేనో, ఒక్కసారే వచ్చినా మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువని పరీక్షల్లో తేలితేనో దాన్ని మూర్ఛవ్యాధి అంటారు. ఎండలో గంటసేపు క్యూలో నిలబడి కళ్లు తిరిగి పడిపోవడం వేరు. ముఖం పాలిపోయి, చెమటలు పట్టి, పడుకోబెట్టగానే నిమిషంలోపే తెలివి వచ్చేస్తే అది మామూలుగా సొమ్మసిల్లడమే. అందులోనూ చేతులు రెండు మూడుసార్లు అదరవచ్చు. ఆ అదురును చూసి జీవితాంతం ఫిట్స్ మాత్రలు మింగుతున్నవాళ్లు ఉన్నారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ప్రపంచం మొత్తం మీద మూర్ఛ ఉన్నవాళ్లు సుమారు 5 కోట్ల మంది. సరిగ్గా గుర్తించి వైద్యం చేస్తే వాళ్లలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరని ఆ సంస్థే చెబుతోంది. బెంగళూరు నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ లక్ష మందికి పైగా జనాన్ని పరిశీలించి 2004లో ప్రచురించిన అధ్యయనంలో, పట్నంలో వెయ్యి మందికి 6లోపు ఉంటే పల్లెల్లో 12 దగ్గర ఉన్నట్టు తేలింది. అంటే రెట్టింపు. న్యూరాలజిస్టులు మాత్రం దాదాపు అందరూ పట్నాల్లోనే ఉంటారు.

పల్లెల్లో ఎందుకు ఎక్కువ అన్నదానికి కొంత జవాబు కారణాల్లో దొరుకుతుంది. కాన్పు కష్టమై బిడ్డ పుట్టగానే ఏడవకపోవడం, మెదడువాపు, హెల్మెట్ లేని ప్రయాణాల్లో తలకు దెబ్బలు, పక్షవాతం, వీటన్నిటితోపాటు మన దేశంలో బద్దెపురుగు (టేప్‌వార్మ్). దీని మీద ఉన్న అపోహ ఒకటి తప్పక పోవాలి. పంది మాంసం తినేవాళ్లకే ఈ జబ్బు వస్తుందనుకుంటారు. సరిగా ఉడకని ఆ మాంసం తింటే పురుగు చేరేది పేగులోకి. మెదడులోకి చేరేది, పేగులో పురుగున్న మనిషి మలంతో బయటికొచ్చే గుడ్లు మింగినవాళ్లకు. చేతులు కడుక్కోని వంటమనిషి నుంచో, మురుగు నీటితో పెరిగిన ఆకుకూర నుంచో అవి ఎవరి నోట్లోకైనా పోవచ్చు. అందుకే జన్మలో మాంసం ముట్టనివాళ్ల స్కానింగులోనూ ఆ పురుగు వల్ల వచ్చిన చిన్న ఉంగరం లాంటి మచ్చ కనబడుతుంది. మచ్చ ఒకటే ఉంటే అది చాలావరకు కరిగిపోతుంది, మందు కూడా ఎక్కువ ఏళ్లు వాడాల్సిన పని ఉండకపోవచ్చు. స్కాన్ చూసి మెదడులో గడ్డ అనగానే కుప్పకూలిపోయే కుటుంబాలకు ఈ మాట ముందే తెలియాలి.

దక్షిణ భారతంలో ప్రత్యేకంగా కనబడే రకం మరొకటి వేడినీళ్ల మూర్ఛ. బాగా కాగిన నీళ్లు చెంబుతో నెత్తిన గబగబా పోసుకుంటుంటే ఫిట్ వస్తుంది. తలంటు రోజునే పడిపోతున్నాడంటే నలుగూ కుంకుడుకాయా కారణం కాదు, నీళ్ల వేడి. చాలామందికి గోరువెచ్చని నీళ్లకు మారడం, ముందు ఒళ్లు తడుపుకుని తల మీద నెమ్మదిగా పోసుకోవడం, అవసరమైతే డాక్టరు సలహాతో స్నానానికి ముందు ఒక క్లోబజామ్ మాత్ర సరిపోతాయి. దీని మీద ఎక్కువ పరిశోధన జరిగింది బెంగళూరులోని మెదడు, మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో. ఏ నీళ్లతో స్నానం చేస్తుండగా వచ్చింది అని అడగాలన్న ఆలోచన ఈ ప్రాంతపు డాక్టరుకే తొందరగా వస్తుంది.

ఫిట్ వచ్చేటప్పుడు డాక్టరు పక్కన ఉండరు, వచ్చినవాళ్లకు గుర్తుండదు. కాబట్టి చూసినవాళ్ల మాటే పెద్ద పరీక్ష. డాక్టరు దగ్గరకు రోగి ఒక్కరే వెళ్లి, చూసిన భార్యో తమ్ముడో ఇంట్లో ఉండిపోతే సగం నిర్ధారణ ఇంట్లోనే ఉండిపోయినట్టు. ఇప్పుడు అందరి చేతిలో ఫోన్ ఉంది. ముందు మనిషిని ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, మెడ దగ్గర బిగువు వదులు చెయ్యాలి, తల కింద తువ్వాలు పెట్టాలి, టైము చూసుకోవాలి. అప్పుడు ఇంకొకరు వీడియో తియ్యాలి. ముఖం, కళ్లు, రెండు చేతులూ కనబడాలి. కళ్లు తెరిచి ఉన్నాయా మూసి ఉన్నాయా, తల ఏ వైపు తిరిగింది, ఏ చెయ్యి ముందు బిగుసుకుంది అన్నవి స్కానింగు చెప్పలేని సంగతులు చెబుతాయి. చేతిలో తాళాల గుత్తి పెట్టడం, ఉల్లిపాయ వాసన చూపించడం, నోట్లో చెంచా దూర్చడం, నీళ్లు పొయ్యడం ఏవీ వద్దు. ఫిట్ చాలావరకు దానంతటదే ఒకటి రెండు నిమిషాల్లో ఆగుతుంది, అప్పటికి చేతిలో తాళాలుంటే ఆ ఘనత తాళాలకు పోతుంది. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోన్ చెయ్యాలి. ఆ పరిస్థితి ప్రాణం మీదికి తెస్తుంది.

ఈఈజీ అనగానే కరెంటు పెడతారని భయపడేవాళ్లు ఇంకా ఉన్నారు. అది కరెంటు పెట్టేది కాదు, మెదడులో ఉన్న కరెంటును రాసుకునేది. ముందురోజు తలస్నానం చేసి, నూనె రాయకుండా రమ్మంటారు. రాత్రి తక్కువ నిద్రపొమ్మని కూడా చెప్తారు, ఎందుకంటే నిద్ర చాలని మెదడులోనూ, నిద్రలోకి జారే క్షణంలోనూ తేడాలు బాగా కనబడతాయి. టెక్నీషియన్ టేపుతో తల కొలిచి, పేస్టు రాసి ఇరవై దాకా వైర్లు అంటిస్తారు. అరగంట పడుకోవాలి, మధ్యలో గట్టిగా ఊపిరి పీల్చి వదలాలి, మెరిసే లైటు కళ్లముందు పెడతారు. నొప్పి ఉండదు. అయితే ఈఈజీ నార్మల్ వచ్చిందంటే మూర్ఛ లేదని కాదు. ఆ అరగంటలో ఏమీ దొరకలేదని మాత్రమే. చూసినవాళ్లు చెప్పింది ఒకలా, రిపోర్టు ఇంకోలా ఉంటే మంచి డాక్టరు చూసినవాళ్ల మాటకే విలువ ఇస్తారు. ఎమ్మారై విషయంలో కూడా మూర్ఛ కోసం ప్రత్యేకంగా సన్నని పొరలుగా తీసేది వేరు, మామూలుగా తీసేది వేరు. మామూలు దాంట్లో నార్మల్ అని వచ్చిన మెదడులో, టెంపోరల్ లోబ్ లోపలి చిన్న మచ్చ ప్రత్యేకంగా తీసినప్పుడు బయటపడటం అరుదేమీ కాదు.

ఇక ఎవరి దగ్గరకు వెళ్లాలి? మన దగ్గర అందరినీ కలిపి న్యూరో డాక్టర్ అంటారు. బోర్డు మీద చూడాల్సింది డిగ్రీ. డీఎం న్యూరాలజీ అని ఉంటే మందులతో వైద్యం చేసే న్యూరో ఫిజీషియన్, ఎంసీహెచ్ న్యూరోసర్జరీ అని ఉంటే ఆపరేషన్లు చేసే న్యూరో సర్జన్. ఫిట్స్‌కు మొదట వెళ్లాల్సింది న్యూరో ఫిజీషియన్ దగ్గరకు. పిల్లలకైతే పిల్లల డాక్టరు, అవసరాన్ని బట్టి పిల్లల న్యూరాలజిస్టు. నిర్ధారణ తేలి, మందు కుదిరాక మూడు నెలలకోసారి చూడటానికి మండలంలోనో పక్క పట్నంలోనో ఉన్న ఎండీ జనరల్ మెడిసిన్ డాక్టరు హాయిగా సరిపోతారు. దగ్గర్లో చూపించుకునే ఈ రెండో సగాన్ని తక్కువగా చూడటమే మందు మానేయడానికి దారి తీస్తోంది. ప్రతి చీటీకీ రెండొందల కిలోమీటర్లు వెళ్లాలంటే కూలిపని చేసుకునే ఇంట్లో నాలుగోసారికి ఎవరూ కదలరు.

నిర్ధారణ కోసం మాత్రం ప్రభుత్వ వైద్య కళాశాలల న్యూరాలజీ విభాగాలు మనకు పెద్ద ఆసరా. హైదరాబాద్‌లో ఉస్మానియా, గాంధీ, పంజాగుట్ట నిమ్స్, విశాఖలో కేజీహెచ్, గుంటూరు, కర్నూలు పెద్దాసుపత్రులు, తిరుపతిలో స్విమ్స్ ఉన్నాయి. ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో ముందే కనుక్కుని బయల్దేరితే ఒక ప్రయాణం కలిసొస్తుంది. శ్రీకాకుళం వాళ్లకు విశాఖ, హిందూపురం వాళ్లకు హైదరాబాద్ కంటే బెంగళూరు నిమ్హాన్స్, చిత్తూరు వాళ్లకు వేలూరు సీఎంసీ దగ్గర. రాష్ట్రం గీత దాటినా ఫరవాలేదు, తిరిగి తిరిగి వెళ్లగలిగే దూరమే ముఖ్యం. ఇ-సంజీవని అనే ప్రభుత్వ సేవలో ఫోన్ ద్వారా డాక్టరు సలహా తీసుకునే వీలుంది, కుదురుగా ఉన్నవాళ్ల మధ్యమధ్య చూపులకు అది బాగా పనికొస్తుంది. ఆసుపత్రిలో చేరాల్సి వస్తే ఆరోగ్యశ్రీ, వైద్యసేవ పథకాల్లో ఏది వర్తిస్తుందో అక్కడి ఆరోగ్యమిత్రను అడగాలి, చేరకముందే అడగాలి.

డాక్టరు మంచివారా కాదా అన్నది రోగి ఎలా తెలుసుకోవాలి? ఆసుపత్రి ఎత్తును బట్టి కాదు. ఫిట్ ఎలా మొదలైందో, ముందు ఏమనిపించిందో, ఎంతసేపు ఉందో, నిద్రలోనా మెలకువలోనా అని విడమరిచి అడిగేవాళ్లు, చూసినవాళ్లను పిలిపించి మాట్లాడేవాళ్లు, ఇది ఏ రకం మూర్ఛో పేరు రాసేవాళ్లు, ఈ మందే ఎందుకు ఇస్తున్నారో చెప్పేవాళ్లు మంచి డాక్టర్లు. చీటీ మీద ఫిట్స్ అని మాత్రమే రాసి మూడు మందులు మొదలుపెడితే ఇంకొకరి అభిప్రాయం తీసుకోవడంలో తప్పు లేదు.

మొదటి మందుతోనే సుమారు సగం మందికి ఫిట్స్ ఆగిపోతాయి. లెవెటిరాసిటమ్, వాల్ప్రోయేట్, కార్బమజెపైన్ లాంటివి జన్ ఔషధి షాపుల్లో తక్కువ ధరకు దొరుకుతాయి. ఆగాక మొదలవుతుంది అసలు ప్రమాదం. ఆరు నెలలు ఏమీ రాలేదు కదా అని మానేస్తారు. ఉపవాసమని ఒకపూట, ఊరెళ్లామని రెండు రోజులు మానేస్తారు. ఒక్కసారిగా మందు ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చే ప్రమాదముంది. మామూలుగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాకే, అదీ మూర్ఛ రకాన్ని బట్టి, డాక్టరు కొన్ని నెలలపాటు మెల్లమెల్లగా తగ్గిస్తారు. మొదట చెప్పిన చేతుల అదురు రకంలో చాలామంది ఎక్కువ ఏళ్లు వాడాల్సి ఉంటుంది.

రోగుల తరఫున గట్టిగా పట్టుబట్టాల్సిన లెక్క ఒకటుంది: రెండు మందులు. రకానికి తగినవి, తగిన డోసులో, క్రమం తప్పకుండా వాడినా రెండు మందులకూ ఫిట్స్ లొంగలేదంటే దాన్ని మందులకు లొంగని మూర్ఛ అంటారు. మూడోదో నాలుగోదో పనిచేసే అవకాశం అక్కణ్నుంచి బాగా తగ్గిపోతుంది. పెద్ద సెంటరుకు వెళ్లాల్సిన సమయం అదే. అక్కడ రోజుల తరబడి వీడియో తీస్తూ ఈఈజీ రాస్తారు, ఫిట్ ఎక్కడ మొదలవుతోందో చూస్తారు. ఒక్కచోటే మొదలవుతుంటే, ఆ చోటును తీసేస్తే మాటకూ చేతికీ దెబ్బ తగలదనుకుంటే ఆపరేషన్ గురించి ఆలోచిస్తారు. తిరువనంతపురం శ్రీచిత్ర తిరునాళ్ సంస్థ 1995 నుంచే మూర్ఛకు ఆపరేషన్లు చేస్తోంది. హైదరాబాద్‌లోనూ ఈ వైద్యం ఉంది. ఢిల్లీ ఎయిమ్స్‌లో మందులకు లొంగని 116 మంది పిల్లల మీద జరిపి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్ అయినవాళ్లలో ఏడాది తర్వాత 77 శాతం మందికి ఫిట్స్ లేవు. మందులతోనే ఉంచినవాళ్లలో అలా ఉన్నది 7 శాతమే. ఆపరేషన్ జరిగినవాళ్లలో కొందరికి ఒక పక్క బలహీనత లాంటి ఇబ్బందులు కూడా వచ్చాయి, అవి దాచకుండా చెప్పుకుని నిర్ణయించుకోవాలి. తల కోస్తారన్న భయంతో ఆ లెక్క వినకుండానే వెనక్కి వచ్చేయడం మాత్రం పిల్లలకు అన్యాయం.

ఆడపిల్లల విషయంలో జబ్బు కంటే దాచిపెట్టడమే ఎక్కువ కీడు చేస్తోంది. పెళ్లి చూపుల నాటికి మందుల డబ్బా బీరువా అడుగుకు పోతుంది. అత్తారింట్లో ఎవరైనా చూస్తారని ఆ అమ్మాయి మాత్ర వేసుకోదు, కొత్త ఊరు, నిద్రలేమి తోడై ఫిట్ వస్తుంది, ఏది దాచాలనుకున్నారో అదే అందరి ముందూ బయటపడుతుంది. హిందూ వివాహ చట్టంలో ఒకప్పుడు మూర్ఛ పెళ్లికి అడ్డంకిగా రాసి ఉండేది, 1999 సవరణలో ఆ మాట తీసేశారు. మూర్ఛ ఉన్న ఆడవాళ్లలో ఎక్కువమంది ఆరోగ్యమైన బిడ్డలనే కంటారు. అయితే వాల్ప్రోయేట్ గర్భంలోని బిడ్డకు లోపాలు తెచ్చే అవకాశం మిగతా మందుల కంటే ఎక్కువ. పెళ్లి మాట మొదలైనప్పుడే, గర్భం రాకముందే, మందు మార్చాలా అని డాక్టరును అడగాలి, ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టాలి. గర్భం వచ్చిందని భయపడి సొంతంగా మందు ఆపేస్తే తల్లికీ బిడ్డకూ ప్రమాదం.

ఫిట్స్ అదుపులోకి వచ్చేదాకా బావి దగ్గరకూ చెరువులోకీ ఒంటరిగా వెళ్లకూడదు, బాత్రూం గడియ పెట్టుకోకూడదు, బండి నడపకూడదు. పొయ్యి దగ్గర పనిచేసేటప్పుడు పక్కన ఒకరు ఉండాలి. చదువు, ఉద్యోగం, ఆటలు మాన్పించాల్సిన అవసరం లేదు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఒక పాత నోటు పుస్తకం చాలు. ఫిట్ వచ్చిన తేదీ, టైము, ఎంతసేపు, ముందురోజు నిద్ర, ఆ రోజు మాత్ర వేసుకున్నారా లేదా. ఆడవాళ్లకైతే నెలసరి తేదీ. దానితోపాటు ఇంతవరకు వాడిన మందుల ఖాళీ స్ట్రిప్పులు, పాత చీటీలు, పుట్టినప్పటి సంగతులు తెలిసిన పెద్దవాళ్లు ఒకరు, ఫోన్‌లో వీడియో. పెద్ద సెంటరు నుంచి తిరిగి వచ్చేటప్పుడు అక్కడి డాక్టరుతో ఊళ్లో డాక్టరు పేరున ఒక ఉత్తరం రాయించుకోవాలి: ఏ రకం మూర్ఛ, ఏ మందు, ఎంత డోసు, ఫిట్ వస్తే ఎంత పెంచాలి, మళ్లీ ఇక్కడికి ఎప్పుడు పంపాలి. ఆ ఉత్తరం ఊళ్లో డాక్టరు చేతికి అందాక, చివరి స్ట్రిప్పులో ఇంకా పది మాత్రలు ఉండగానే తర్వాతి నెల మందు తెచ్చిపెట్టుకోవాలి.